కన్ను ఒక్కటే అయినప్పుడు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

మీ ప్రశ్నను కుదించి చెబితే ఇదీ: ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు మొదలుపెట్టి ఆరు నెలలైంది. నిఘంటువులో 'కన్ను' దగ్గర 'నేత్రం' అని చూసి సరిపెట్టుకున్నారు. తీరా పనిలోకి దిగితే కన్నుమూశారు, కన్నేశాడు, కంటపడ్డాడు, కళ్ళు నెత్తికెక్కాయి, చెరకు కన్ను, తుపాను కన్ను, కన్నతల్లి అని ఎక్కడ చూసినా కన్నే. ఇవన్నీ ఒకే మాటా? మొత్తం ఎన్ని అర్థాలు? ఎలా గుర్తుపెట్టుకోవాలి?

నేను ఇరవై రెండేళ్ళుగా అనువాదాలు దిద్దే పనిలో ఉన్నాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను.

అర్థాలను లెక్కపెట్టకండి. కన్ను ఏ రూపంలో ఉందో, దాని పక్కన ఏ క్రియ ఉందో ఆ రెండూ చూడండి. 'కన్ను', 'కళ్ళు', 'కంటి' ఒకే మాటకు మూడు రూపాలు. కానీ వాడుకలో ఈ మూడూ మూడు రకాల పనులు చేస్తాయి. ఒంటరిగా ఉన్నప్పుడు కన్ను అంటే కన్నే. 'వేయు', 'పడు', 'మూయు', 'తిరుగు' లాంటి క్రియ పక్కన చేరగానే అసలు సంగతి మొదలవుతుంది. అర్థం ఆ జంటలో ఉంటుంది కాబట్టి జంటగానే నేర్చుకోవాలి. ఇక మీ జాబితాలో 'కన్నతల్లి' మాత్రం ఈ ఇంటి మనిషి కాదు. దాని గురించి తర్వాత చెబుతాను.

ఇది నాకు బాగా తలకెక్కింది ఒక కరపత్రం వల్ల. కంటి ఆపరేషన్ అయినవాళ్ళకు ఇచ్చే సూచనలు అవి. ఇంగ్లీషులో ఉన్నది ఇంతే: చుక్కల మందు వేశాక కళ్ళు మూసుకుని ఐదు నిమిషాలు ఉండాలి. తెలుగు ప్రతిలో ఇలా వచ్చింది: "మందు వేసిన తర్వాత రోగి కన్నుమూసి ఐదు నిమిషాలు ఉండాలి." అచ్చుకు వెళ్ళే ముందురోజు నా చేతికి వచ్చింది. రాసిన అమ్మాయికి తెలుగు బాగానే వచ్చు. ఒక్కొక్క మాటా విడిగా చూస్తే తప్పేమీ లేదు. కానీ ఆపరేషన్ అయిన మనిషి పక్కన కూర్చున్నవాళ్ళు ఆ వాక్యం చదివితే వాళ్ళ గుండె ఎలా కొట్టుకుంటుందో ఆలోచించండి.

'కన్నుమూశారు' అంటే చనిపోయారు. 'కన్నుమూత' అన్నది పత్రికల శీర్షికల్లో ఆ ఒక్క అర్థానికే స్థిరపడిపోయిన మాట. 'కళ్ళు మూసుకున్నాడు' అంటే మాత్రం బతికున్న మనిషి రెప్పలు వాల్చాడు. తేడా రెండు చోట్ల ఉంది: ఏకవచనం బహువచనమైంది, క్రియకు 'కొను' చేరింది. ఆ 'కొను' వల్ల, తన పని తానే తనకోసం చేసుకుంటున్నాడని తెలుస్తుంది. చుక్క ఒక కంట్లోనే వేస్తే 'ఆ కన్ను మూసుకుని' అని ఏకవచనంలోనే రాయవచ్చు. 'మూసుకుని' ఉంది కాబట్టి భయం లేదు.

ఇదే జంటను వ్యతిరేకంలో పెట్టి చూడండి. "రాత్రంతా కన్ను మూయలేదు" అంటే చావు ఊసే లేదు, నిద్రపోలేదని అర్థం. 'మూశాడు' అంటే మరణం, 'మూయలేదు' అంటే జాగారం. అందుకే కన్నుకు ఎన్ని అర్థాలని అడిగితే నేను అంకె చెప్పను.

ఇప్పుడు మూడు రూపాల సంగతి.

ఏకవచనం 'కన్ను' ఎక్కువగా ఎక్కడికో గురిపెట్టి ఉంటుంది. ధ్యాస, కోరిక, కోపం ఏదైనా సరే, ఒకరి నుంచి మరొకరి మీదికి వెళుతుంది. "వాడి కన్ను ఆ పొలం మీద పడింది" అంటే కాజేయాలన్న ఆశ పుట్టింది. "అధికారులు కన్నెర్ర చేశారు" అంటే కోపగించారు. (అదే "కళ్ళు ఎర్రబడ్డాయి" అంటే నిద్ర చాలకో, కలక వచ్చో కావచ్చు.) కన్ను కొట్టినా, గీటినా సైగ ఎదుటి మనిషికే. 'కన్నుగప్పి పారిపోయాడు' అన్నప్పుడు కాపలావాళ్ళ చూపును తప్పించుకున్నాడు. కనుసన్నల్లో నడుస్తున్నారంటే ఒకరి చిన్న సైగకే మిగతావాళ్ళు కదులుతున్నారు. కన్నుమూయడం ఒక్కటే ఈ వరుసకు లొంగదు. దాన్ని విడిగా గుర్తుపెట్టుకోండి.

ఈ గుంపులో అందరూ కాలు జారే చోటు 'కన్నేయడం'. ఒక సినిమాకు సబ్‌టైటిల్స్ దిద్దుతున్నాను. తల్లి ఊరికి వెళుతూ పక్కింటి పెద్దాయనతో తన కూతుర్ని కాస్త కనిపెట్టి ఉండమంటుంది. తెలుగులో వచ్చిన మాట: "మా అమ్మాయి మీద కన్నేయండి." ఏ తల్లీ ఏ భాషలోనూ అనకూడని మాట అది. 'కన్నేశాడు' అంటే ఆశపడ్డాడు, సొంతం చేసుకోవాలని చూస్తున్నాడు. మనిషి గురించి అంటే అందులో కామం కూడా ఉంటుంది.

అదే క్రియకు ముందు 'ఓ', చివర 'ఉంచు' చేర్చండి: "పొయ్యి మీద ఓ కన్నేసి ఉంచు." ఆశ పోయింది, కాపలా వచ్చింది. రెండు చిన్న మాటలు అర్థాన్ని పూర్తిగా తిప్పేశాయి. అయితే మనుషుల విషయంలో 'ఓ కన్నేసి ఉంచండి' అంటే ఇంకా కొంచెం అనుమానపు వాసన ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌తో అనే మాట అది. తల్లి నోట అయితే "మా అమ్మాయిని కాస్త చూస్తూ ఉండండి, బాబాయిగారూ" చాలు. కన్ను ఊసే అక్కర్లేదు. ఇంగ్లీషులో కన్ను ఉందని తెలుగులోకి కన్నును మోసుకురావాల్సిన అవసరం లేదు.

'కంటి', 'కంట' రూపంలో కన్ను ఒక చోటు అవుతుంది. అక్కడ ఏదో పడుతుంది, ఉంటుంది, నిలుస్తుంది. (ఇల్లు–ఇంటి, పన్ను–పంటి, కన్ను–కంటి. అన్నీ ఒకే మూసలో మారతాయి.) కంట్లో నలుసు, కంటి మీద కునుకు, కంటికి రెప్ప, కంటతడి అన్నీ ఇలాంటివే. దీన్ని ఏకవచనంతో పోల్చి చూస్తే దిశ ఎలా మారుతుందో తెలుస్తుంది.

"నేను ఆయన కంటపడ్డాను." ఇక్కడ కదిలింది నేను. వెళ్ళి ఆయన చూపులో పడ్డాను. ఆయనకు నా మీద ఏ ఉద్దేశమూ లేకపోవచ్చు.

"ఆయన కన్ను నా మీద పడింది." ఇక్కడ కదిలింది ఆయన కన్ను. ఏదో ఉద్దేశంతోనే నన్ను చూశాడు. నాకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

పడు అన్న క్రియ రెండింటిలోనూ ఉంది. ఎవరు ఎవరి మీద పడ్డారన్నది మాత్రం తారుమారైంది. కథల అనువాదాల్లో ఈ రెండింటినీ కలగలిపేయడం తరచూ చూస్తుంటాను. దొంగ పోలీసు కంటపడితే అది అతని దురదృష్టం. పోలీసు కన్ను దొంగ మీద పడిందంటే అప్పటికే అనుమానం ఉన్నట్టు. పాఠకుడికి అందే కథే మారిపోతుంది.

బహువచనం 'కళ్ళు' ఎక్కువగా మనిషి ఉన్న స్థితిని చెబుతుంది. ఎవరి మీదికీ గురిపెట్టదు. కళ్ళు తిరిగాయి, కళ్ళు బైర్లు కమ్మాయి అంటే ఒంటి స్థితి. కళ్ళు నెత్తికెక్కాయి, కళ్ళు మూసుకుపోయాయి అంటే పొగరుతో ఉన్న స్థితి. కళ్ళు తెరుచుకున్నాయంటే పొరపాటు తెలిసివచ్చింది. దీనికి నామవాచకం కావాలంటే 'కనువిప్పు' ఉంది, చక్కటి మాట. ఒకరి ఎదుగుదల ఓర్వలేనివాళ్ళు కళ్ళలో నిప్పులు పోసుకుంటారు. ఇక్కడ గమనించండి, మంట పెట్టుకునేది తమ కళ్ళలోనే. అసూయ ఎవరిని కాలుస్తుందో ఆ మాట కట్టినవాళ్ళకు తెలుసు.

వైద్యం సంగతులు అనువదించేవాళ్ళకు ఒక జాగ్రత్త. తెలుగు మనిషి డాక్టరు దగ్గర 'కళ్ళు తిరుగుతున్నాయి' అంటే అతనికి కంటి జబ్బు అని కాదు. తూలిపోతున్నట్టు, పడిపోతానేమో అన్నట్టు ఉందని అర్థం. ఆ ముక్కను ఇంగ్లీషులోకి తీసుకువెళ్ళేవాళ్ళు 'కళ్ళు' చూసి కంటి విభాగానికి పంపేలా రాయకూడదు.

ఎదురుచూపులకు తెలుగులో కళ్ళతో కట్టిన మాటలు మూడున్నాయి. ఇవి నాకు ఎంతో ఇష్టం కాబట్టి కాస్త ఆగుతాను. 'వేయి కళ్ళతో ఎదురుచూడటం' తేలిక, అందులో ఉత్సాహం ఉంది. 'కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూడటం'లో అలసట ఉంది. ఇక్కడ కాయ అంటే చెట్టు కాయ కాదు. పలుగూ పారా పట్టి చేతులు కాయలు కాశాయంటామే, ఆ కాయ. రాపిడికి చర్మం మొద్దుబారి గట్టిపడటం. చూసి చూసి కళ్ళు అలా గట్టిపడ్డాయని. ఒక అనువాదకుడు దీన్ని ఇంగ్లీషులోకి మారుస్తూ పండ్ల చెట్టు బొమ్మ తెచ్చాడు. ఆ వాక్యంలోని నొప్పి మొత్తం పోయింది. మూడోది 'కళ్ళలో వత్తులు వేసుకుని'. దీపం కొండెక్కకుండా వత్తి వేసినట్టు, రెప్ప పడకుండా కళ్ళనే దీపాలు చేసుకోవడం. ఇందులో ఎదురుచూపుతో పాటు జాగ్రత్త కూడా ఉంది. అందుకే సరిహద్దులో కాపలా కాసేవాళ్ళ గురించి కూడా ఈ మాట వాడతాం. వాళ్ళకు కాయలు కాచే కళ్ళు సరిపోవు.

మరో జంట: 'కళ్ళకు కట్టినట్టు చెప్పాడు' అంటే ఎదురుగా జరుగుతున్నట్టే వర్ణించాడు. 'కళ్ళకు గంతలు కట్టాడు' అంటే నిజం కనబడకుండా చేశాడు. రెండింటిలోనూ కళ్ళూ ఉన్నాయి, కట్టడమూ ఉంది. గంతలు అనే ఒక్క మాట చూపు ఇవ్వడాన్ని చూపు తీసేయడంగా మార్చింది.

మీరు అడగకపోయినా ఇష్టానికి సంబంధించిన మాటలూ చెబుతాను, ఎందుకంటే ఇవి తరచూ తగులుతాయి. ఎంతో ప్రేమగా చూసుకునే బిడ్డను ఇంగ్లీషువాళ్ళు కంటి యాపిల్ అంటారు. మనకు 'కంటిపాప', 'కంటి వెలుగు' ఉన్నాయి. ఇద్దరు పిల్లల మధ్య తేడా చూపనని చెప్పాలంటే "ఇద్దరూ నాకు రెండు కళ్ళు" అంటాం. 'కనుపాప' అన్న మాటలో ఒక అందమైన సంగతి ఉంది. ఎవరి కళ్ళలోకైనా దగ్గరగా చూస్తే నల్లగుడ్డు మధ్యలో మన బొమ్మే చిన్నగా కనిపిస్తుంది. ఆ చిన్న బొమ్మే పాప. సంస్కృతంలో 'కనీనిక' అంటే చిన్నపిల్ల, కనుపాప కూడా. లాటిన్‌లో 'ప్యూపిల్లా' అంటే చిన్న బొమ్మ, కనుపాప కూడా. ఇంగ్లీషు 'ప్యూపిల్' అక్కడి నుంచే వచ్చింది. ప్రాచీన గ్రీకులో 'కోరే' కూడా ఆడపిల్లే, కనుపాపే. ఎక్కడెక్కడి మనుషులో ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుని ఒకే పేరు పెట్టారు.

ఇక వస్తువుల కళ్ళు. మీ జాబితాలో చెరకు, తుపాను ఉన్నాయి కదా.

తెలుగు కన్ను వస్తువుల్లో మూడు పోలికలు చూస్తుంది. ఒకటి మొలక వచ్చే చోటు. చెరకు గెడలో ప్రతి కణుపు దగ్గరా ఒక కన్ను ఉంటుంది, బంగాళాదుంప మీద గుంటల్లో కళ్ళుంటాయి. రెండోది మచ్చ, నెమలికన్ను లాంటిది. మూడోది రంధ్రం. చేపల వల అల్లికలో ఒక్కో ఖాళీ ఒక కన్ను. కొబ్బరికాయకు మూడు కళ్ళున్నాయి, వాటిలో ఒకటి మెత్తగా ఉంటుంది, మొలక అందులోంచే వస్తుంది. మూడు కళ్ళ పోలిక మన భాషలో శివుడి పేర్లలో కూడా ఉంది: ముక్కంటి, బేసికంటి. 'కంటి' ఇలా చివర చేరితే అలాంటి కన్ను గలవారని అర్థం. ముక్కంటి శివుడు, వాలుగంటి అందమైన కళ్ళున్న స్త్రీ.

చెరకు కన్ను గురించి నా అనుభవం ఒకటి. రైతుల కోసం రాసిన పుస్తకంలో అనువాదకుడు 'మూడు మొగ్గలున్న చెరకు ముక్కలు నాటాలి' అని రాశాడు. ఇంగ్లీషులో ఉన్న మాటకు మొగ్గ అన్న అర్థం ఉంది నిజమే. కానీ చెరకు వేసేవాళ్ళకు మొగ్గంటే పువ్వు మొగ్గ. చెరకు పూత పూస్తే నష్టం కాబట్టి ఆ వాక్యం వాళ్ళను మరీ తికమక పెడుతుంది. వాళ్ళ మాట 'మూడు కళ్ళ ముచ్చెలు'. ముచ్చె అంటే నాటడానికి నరికిన ముక్క. వ్యవసాయ సూచనల్లోనూ అదే వాడతారు: ఎకరానికి 16,000 మూడు కళ్ళ ముచ్చెలు. కన్ను అనే పాత పోలిక ఉన్నచోట దాన్నే వాడాలి. దాన్ని పక్కనపెట్టి మొగ్గ అని రాయడం వల్ల భాష మెరుగుపడలేదు, రైతుకు అర్థం కాకుండా పోయింది.

దీనికి ఎదురు జాగ్రత్త కూడా ఉంది. ఇంగ్లీషు కన్ను చూసే ప్రతిచోటా తెలుగు కన్ను చూడదు. వాళ్ళ సూదికి కన్ను ఉంది, మన సూదికి బెజ్జం ఉంది. బైబిల్ తెలుగులో ఒంటె దూరలేకపోయేది సూది బెజ్జంలోనే. వాళ్ళు గురి మధ్యలో ఎద్దు కన్నును చూస్తారు, మనం 'గురి తప్పలేదు' అంటాం. 'సూది కన్ను' అని రాసిన కథను నేను దిద్దాను. కుట్టుపని చేసే ముసలావిడ పాత్ర అది. ఆ ఒక్క మాటతో ఆమె చేతిలో సూది అబద్ధమైపోయింది.

తుపాను కన్ను ఇంగ్లీషు దారిలో మనకు వచ్చిన కొత్త కన్ను. పత్రికలు వాడుతున్నాయి, జనానికి అలవాటైంది, కాబట్టి నిరభ్యంతరంగా వాడండి. కానీ ఇది ప్రాణాలకు సంబంధించిన మాట కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. బలమైన తుపాను మధ్యలో గాలి నెమ్మదించి, మబ్బు పలచబడి ఉండే గుండ్రని భాగం ఇది. సాధారణంగా 30 నుంచి 65 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. అన్నిటికంటే భీకరమైన గాలులు ఉండేది కంట్లో కాదు, దాని చుట్టూ గోడలా లేచిన మేఘాల్లో. కన్ను మీదుగా వెళుతున్నంతసేపు తుపాను ఆగిపోయినట్టు అనిపిస్తుంది. తర్వాత వెనక వైపు గోడ వస్తుంది, గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. హెచ్చరికలు అనువదించేటప్పుడు ఒట్టి 'తుపాను కన్ను ఇప్పుడు తీరం దాటుతోంది' అని వదిలేయకండి. "గాలి ఆగిందని బయటికి రావద్దు, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి వస్తుంది" అని మూలంలో లేకపోయినా పక్కన ఒక వాక్యం చేర్చమని నేను పట్టుబడతాను. ఇంగ్లీషులో ఎవరైనా వివాదంలో ఇరుక్కుంటే తుపాను కంట్లో ఉన్నాడని అనడం కూడా ఉంది. అక్కడ మాత్రం మనకు కన్ను వద్దు, 'వివాదాల సుడిగుండంలో' అంటే చక్కగా సరిపోతుంది.

సంస్కృతం నుంచి వచ్చిన కళ్ళు ఇంకో పెద్ద కుటుంబం. నేత్రం, నయనం, లోచనం, చక్షువు, అక్షి అన్నీ కన్నే అయినా ఒకదాని బదులు ఇంకొకటి పెట్టడం కుదరదు. నేత్రదానం అంటాం, కళ్ళదానం అనం. సీసీ కెమెరాలను పత్రికలు నిఘా నేత్రాలంటాయి, మూడో కన్ను అని కూడా అంటాయి. నిఘా కళ్ళు అని రాస్తే తేలిపోతుంది. ఇలాంటివి చెవితో పట్టుకోవాల్సినవి. సూత్రం లేదు.

వీటిలో 'అక్షి' చూడండి. మనం రోజూ వాడే ఎన్ని మాటల్లో దాగి ఉందో చాలామంది గమనించరు. ప్రత్యక్షం అంటే కంటి ఎదుట ఉన్నది. పరోక్షం అంటే కంటికి అవతల ఉన్నది. సమక్షంలో అంటే కళ్ళ ముందు. సాక్షి అంటే కళ్ళతో చూసినవాడు. అందుకే 'ప్రత్యక్ష సాక్షి' అన్నప్పుడు కన్ను రెండుసార్లు వస్తుంది. గవాక్షం అంటే ఆవు కన్ను, కిటికీకి పేరు. ఇంగ్లీషు 'విండో' కూడా పాత నార్స్ అనే ఒకప్పటి ఉత్తర ఐరోపా భాషలో 'గాలి కన్ను' అన్న మాట నుంచి పుట్టింది. గోడకు కన్ను పెట్టాలన్న ఆలోచన రెండు చోట్లా విడివిడిగా వచ్చింది. ఆ 'ఆలోచన' అన్న మాటలోనూ 'లోచనం'లో ఉన్న చూసే ధాతువే ఉంది.

అన్నిటిలో నాకు ముచ్చటైనది కటాక్షం. మూలార్థం కడకంటి చూపు, అంటే కంటి కొస నుంచి చూసే చూపు. తెలుగులో ఓరకంట చూడటం, క్రీగంట చూడటం కూడా అదే. కానీ సంస్కృతం మాట దేవుడి దగ్గరికి వెళ్ళి దయ అయింది, 'లక్ష్మీకటాక్షం' అంటాం. తెలుగు మాటలు మాత్రం మనుషుల మధ్యే ఉండిపోయి సిగ్గు, అనుమానం, సరసం మోస్తున్నాయి. "అమ్మవారు ఓరకంట చూసింది" అని రాస్తే భక్తుడి మనసు నొచ్చుకుంటుంది. ఒకే చూపుకు రెండు భాషల్లో రెండు బతుకులు.

పాత గ్రంథాల జోలికి వెళ్ళేవాళ్ళకు ఒక్క ముక్క. అక్కడ నేత్రం అంకె కూడా అవుతుంది, విలువ రెండు. శశి, అంటే చంద్రుడు, విలువ ఒకటి. 'శశి నేత్ర' అని ఉంటే అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి కాబట్టి 21. 'హరనయనాలు' అని శివుడి కళ్ళను చెబితే మూడు. సంవత్సరం చెప్పే పద్యంలో కళ్ళు కనిపిస్తే వర్ణన అనుకుని వదిలేయకండి, తేదీ పోతుంది.

ఇప్పుడు మొదట్లో పక్కన పెట్టిన కన్నతల్లి. తెలుగులో 'కను' అన్న క్రియలు రెండున్నాయి, పలకడానికి ఒకటే. ఒకటి చూడటం, ఇది కన్నుకు చుట్టం. కనిపించు, కనుగొను, కనిపెట్టు, కలగను అన్నీ దీనివే. రెండోది బిడ్డను కనడం. దాని వేరు వేరే. కన్నతల్లి, కన్నబిడ్డ, కన్నవారు ఈ రెండోదాని సంతానం. గుర్తుకు ఇది చాలు: 'కనీ వినీ ఎరుగని' అన్నప్పుడు చూడటం, 'కనీ పెంచిన' అన్నప్పుడు ప్రసవం. కన్నతల్లి అంటే కంటితో చూసిన తల్లి అని కథ కట్టి చెప్పేవాళ్ళున్నారు. వినడానికి బాగుంటుంది గాని నిజం కాదు. అలాగే కన్నె సంస్కృతం 'కన్య' నుంచి వచ్చింది. కన్నయ్య కృష్ణుడి పేరుకు ప్రాకృత రూపం నుంచి వచ్చాడు. 'అక్షరం'లో అక్షి లేదు, 'క్షరం కానిది', అంటే నశించనిది అని దాని అర్థం. పైకి ఒకేలా కనిపించే మాటల్ని ఒకే తీగకు కట్టేయడం మనలో చాలామందికి అలవాటు. ఒక్కసారి ఆగి చూడండి.

రాత గురించి రెండు మాటలు. కన్నులు, కండ్లు, కళ్ళు మూడూ సరైన బహువచనాలే. తెలంగాణ మాటలో కండ్లు నిండుగా బతికే ఉంది, అక్కడి పాత్ర నోట 'కండ్లు' ఉంటే దాన్ని 'కళ్ళు'గా దిద్దకండి. నేను కొత్తలో ఆ పొరపాటు చేశాను, రచయిత ఫోన్ చేసి బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. పాటలకూ పద్యాలకూ కన్నులు బాగుంటాయి, మామూలు వచనంలో బరువుగా ఉంటాయి. 'కళ్లు', 'కళ్ళు' రెండు రకాలుగానూ రాస్తారు, పుస్తకమంతా ఒకటే పాటించండి. 'కల్లు' అని మాత్రం రాయకండి, అది తాటిచెట్టు మీది సంగతి. 'ఆమె అందమైన కల్లు' అని అచ్చయిన పేజీ నా దగ్గర ఉంది.

గుర్తుపెట్టుకోవడం ఎలాగని అడిగారు. నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. కన్ను అన్న శీర్షిక కింద అర్థాలు కాకుండా వాక్యాలు రాస్తాను, ఎవరు ఎవరితో అన్నారో కూడా రాస్తాను. 'చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు' దగ్గర, "ఎన్నికల్లో నూరు ఓట్లతో గెలిచినాయన గురించి మిత్రుడు అన్న మాట" అని ఉంది. ఆ సందర్భం లేకపోతే అది దెబ్బ గురించో, గెలుపు గురించో ఎవరికీ తెలియదు. బతికి బయటపడ్డాం గాని నష్టం తప్పలేదని దాని భావం. 'కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి' దగ్గర కరెంటు పోయిన రాత్రి మా నాన్నగారు అన్న వాక్యం ఉంది.

ఈమధ్య రాసుకున్నది 'ఆనడం'. "ఈ మధ్య నాకు చూపు ఆనడం లేదు" అని ఒక పెద్దావిడ అన్నారు, సరిగా కనబడటం లేదని. అదే వారం ఇంకొకావిడ తన కోడలి గురించి, "మేం పెట్టినవేవీ ఆ పిల్ల కంటికి ఆనవు" అన్నారు. ఆమెకు చూపు బాగానే ఉంది. పెట్టినవి లెక్కలోకి రాలేదని అత్తగారి బాధ. ఒక మాటలో కన్ను వస్తువును అందుకోలేకపోతోంది, ఇంకో మాటలో అందుకోవడానికి ఇష్టపడటం లేదు. రెండు వాక్యాలనూ పక్కపక్కన రాసి, మధ్యలో ఒక గీత గీసి పెట్టాను. మీరు కూడా మీ జాబితాను అలా వాక్యాలుగా మార్చి చూడండి. ఎక్కడైనా ఆగిపోతే ఆ వాక్యం మొత్తం ఇక్కడ పెట్టండి, ముందూ వెనకా వాక్యాలతో సహా. నాకు వీలైనంత త్వరగా చూసి చెబుతాను.